మెయిల్ కింద ఉండే ఆ నాలుగు లైన్లు

గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక ఆఫీసులో డాక్యుమెంట్ల పని నేను చూస్తాను. యార్డులో సరుకు కొనడం, గోడౌన్లో తొడిమలు తీయించడం, తాలు ఏరించడం, బస్తాలకెత్తించడం వేరేవాళ్ల బాధ్యత. సరుకు కంటెయినర్లోకి ఎక్కే రోజు నుంచి నా పని మొదలవుతుంది. ఇన్వాయిసు, ప్యాకింగ్ లిస్టు, ఫైటో సర్టిఫికెట్, ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, షిప్పింగ్ బిల్లు, చివరికి బీఎల్, అంటే సరుకు ఓడకెక్కిందని షిప్పింగ్ కంపెనీ ఇచ్చే రసీదు. ఈ కాగితాలన్నీ ఇప్పుడు మెయిల్లోనే తిరుగుతాయి. చెన్నైలో కస్టమ్స్ పని చూసే క్లియరింగ్ ఏజెంటు, బ్యాంకులో ఫారెక్స్ డెస్కు, మలేసియాలో కొనేవాళ్లు, చైనాలో తేజ రకం తీసుకునే ఫ్యాక్టరీవాళ్లు, ఢాకాలో దిగుమతిదారు. ఒకే కంటెయినర్ మీద ఇంతమందికి మెయిళ్లు వెళ్తాయి. వీళ్లలో చాలామంది నా ముఖం ఎప్పుడూ చూడలేదు. వాళ్లకి నేనంటే మెయిల్ కింద ఉండే నాలుగు లైన్లే.

అందుకే మా ఆఫీసులో కొత్తగా ఎవరు చేరినా, మొదటి రోజే పక్కన కూర్చుని ఆ నాలుగు లైన్లు, అంటే మెయిల్ సిగ్నేచర్, పెట్టిస్తాను. ఇంత చిన్న విషయానికి ఇంత పట్టింపు ఎందుకని అడుగుతారు. నా లెక్కలో అది చిన్నది కాదు. అవతలి మనిషికి పని ఆగిపోయినప్పుడు, వెతుక్కోకుండా ఎవరిని పట్టుకోవాలో చెప్పేది అదే. సిగ్నేచర్లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని సందేహం వచ్చినప్పుడల్లా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది చదివేవాళ్లకి పనికొస్తుందా?

ముందు ఫోన్ నంబరు సంగతి చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దాన్నే.

చెన్నైలో ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రాడు టెర్మినల్ గేటు బయట ట్రైలర్ పక్కన నిలబడి ఉంటాడు. కాగితంలో సీలు నంబరు ఒకటి ఉంది, కంటెయినర్ తలుపు మీద సీలు నంబరు చివరి అంకె ఇంకొకటి ఉంది. వెనక లారీలు హారన్లు కొడుతుంటాయి. అతని చేతిలో ఉన్నది ఫోన్, ఆ ఫోన్లో ఉన్నది నేను పంపిన మెయిల్. దాన్ని కిందికి జరిపి నంబరు మీద వేలు పెడితే నా ఫోన్ మోగాలి. మోగితే, 'అక్కా, సీలు ఫోటో పంపిస్తున్నా, ఒకసారి చూసి చెప్పండి' అంటాడు, నేను లోడింగ్ రోజు తీసిన ఫోటోతో పోల్చి చెప్తాను, పది నిమిషాల్లో తెమిలిపోతుంది. మోగకపోతే ఆ బండి పక్కకి తీస్తారు.

మోగకపోవడానికి కారణాలు చాలా మామూలువి. మనవాళ్లు రెండు మొబైల్ నంబర్లు రాసి మధ్యలో ఒక గీత గీస్తారు. రెండో నంబరులో స్థలం కలిసొస్తుందని చివరి రెండంకెలు మాత్రమే రాస్తారు. విజిటింగ్ కార్డు మీద అది మనిషికి అర్థమవుతుంది, ఫోన్‌కి అర్థం కాదు. రెండు నంబర్లు కలిపి ఒకే పొడుగాటి నంబరుగా చదువుకుని డయల్ చేయబోతుంది. అందుకని ఒక లైనులో ఒకే నంబరు. ముందు ప్లస్ 91, ఒక ఖాళీ, తర్వాత పది అంకెలు. ల్యాండ్‌లైన్ అయితే గుంటూరు కోడ్ 0863 అని మనకి అలవాటు. దేశం కోడ్ ముందు పెట్టాక ఆ సున్నా ఉండకూడదు, ప్లస్ 91 863 అని రాయాలి. కొంతమంది ప్లస్ 91 తర్వాత బ్రాకెట్లో సున్నా పెడతారు. విదేశంలో ఉన్న మనిషి ఆ సున్నాతో సహా కొట్టేస్తే ఫోన్ కలవదు. ఇంకొకటి, నంబరు బొమ్మలో ఉండకూడదు. లోగో, పేరు, నంబరు, అడ్రస్ అన్నీ కలిపి ఒక అందమైన కార్డులాగా డిజైన్ చేయించి సిగ్నేచర్లో అతికించేవాళ్లున్నారు. ఆ నంబరు మీద వేలు పెడితే ఏమీ కాదు. కాపీ కూడా కాదు. కళ్లతో చూసి అంకె అంకె కొట్టుకోవాలి. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి అంత తీరిక ఎక్కడిది?

నంబరు పక్కన ఆఫీసు వేళలు కూడా రాస్తాను. మలేసియా, చైనా మనకన్నా రెండున్నర గంటలు ముందు. బంగ్లాదేశ్ అరగంట ముందు. శ్రీలంకకీ మనకీ ఒకటే టైము. షాంఘైలో తొమ్మిదింటికి ఆఫీసు తీసేసరికి ఇక్కడ ఇంకా ఆరున్నర. 'పది నుంచి ఏడు వరకు' అని ఊరికే రాస్తే ఎవరి పది? ఐఎస్‌టీ అని రాస్తే మనకి భారత కాలమానం, కానీ ఇజ్రాయెల్‌వాళ్లూ ఐర్లండ్‌వాళ్లూ వాళ్ల టైముకి కూడా అదే పొట్టిపేరు వాడతారు. అందుకే జీఎంటీ ప్లస్ 5:30 అని రాస్తాను, దానికి రెండో అర్థం లేదు. చైనావాళ్లు ఫోన్ కంటే వీచాట్‌లోనే ఎక్కువ మాట్లాడతారు కాబట్టి వాళ్లకి వెళ్లే సిగ్నేచర్లో వీచాట్ ఐడీ ఒక లైను ఉంటుంది. మిగతావాళ్లకి వెళ్లేదాంట్లో దాని అవసరం లేదు, వాట్సాప్ నంబరు చాలు.

తర్వాత పేరు. మనకి ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక. ఇంటిపేరుని ఒక్క అక్షరంగా కుదించి రాయడం అలవాటు. కె. అనో వి. అనో మొదలుపెట్టి, తర్వాత రెండు పదాల పేరు. తెలుగువాళ్లకి ఇందులో ఇబ్బంది లేదు. బయటివాళ్లకి మనల్ని ఏమని పిలవాలో తెలియదు. 'డియర్ మిస్టర్ కె' అని ఆడవాళ్లకి కూడా మెయిళ్లు వస్తాయి. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, చెప్పాల్సింది మనం. మా ఆఫీసులో మొదటి లైను ఎవర్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరుతోనే మొదలవుతుంది, ఇంటిపేరు పూర్తిగా రాసి వెనక పెడతాం. ఆడవాళ్లయితే పక్కన ఎంఎస్ (Ms.) అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు, ఇనీషియల్స్ అన్నీ కాగితాల మీద అవసరమైన చోట ఎలాగూ ఉంటాయి.

రెండో లైను హోదా. ఇక్కడ ఒక అభిప్రాయం చెప్తాను. 'ఎగ్జిక్యూటివ్', 'సీనియర్ ఎగ్జిక్యూటివ్' లాంటి మాటలు అవతలివాళ్లకి ఏమీ చెప్పవు. 'ఎగుమతి డాక్యుమెంట్లు', 'క్వాలిటీ, శాంపిళ్లు', 'పేమెంట్లు' అని పని రాయాలి. శాంపిల్లో ఘాటు ఎంత, రంగు ఎంత అని అడగాల్సినవాళ్లు నాకు ఫోన్ చేయకుండా క్వాలిటీ చూసే అతనికే చేస్తారు. ఇద్దరికీ టైము మిగులుతుంది. మా పెద్దాయనకి మొదట్లో ఇది నచ్చలేదు, హోదా లేకపోతే కుర్రాళ్లు చిన్నబుచ్చుకుంటారన్నారు. హోదా మాట కూడా ఉంచాం, కానీ పని తర్వాత.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది: బ్యాంకు వివరాలు సిగ్నేచర్లో పెట్టకండి. ఎంత సౌకర్యంగా అనిపించినా పెట్టకండి.

చిన్న వ్యాపారులు చాలామంది పెడతారు. ప్రతిసారీ అకౌంట్ నంబరు, స్విఫ్ట్ కోడ్ అడుగుతున్నారు కదా, కిందే ఉంటే పోలా అని. సమస్య ఏమిటంటే, సిగ్నేచర్ అంత తేలిగ్గా కాపీ అయ్యేది మెయిల్ మొత్తంలో ఇంకొకటి లేదు. మోసగాళ్లు చేసే పద్ధతి ఇది. కొనేవాళ్ల మెయిల్ బాక్సులోకో అమ్మేవాళ్ల మెయిల్ బాక్సులోకో ఎలాగో దూరతారు. తొందరపడరు. పాత మెయిళ్లన్నీ చదువుతారు. ఏ కంటెయినర్ ఎప్పుడు బయల్దేరింది, డబ్బు ఎప్పుడు కట్టాలి అన్నీ తెలుసుకుంటారు. తర్వాత మన డొమైన్ పేరులో (మెయిల్ ఐడీలో @ తర్వాత వచ్చేది) ఒక్క అక్షరం మార్చి కొత్త డొమైన్ కొంటారు. 'ఎం' ఉన్న చోట 'ఆర్' 'ఎన్' పక్కపక్కన పెడితే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. సరిగ్గా పేమెంటు రోజుకి ఒక మెయిల్ వస్తుంది: మా పాత అకౌంటు ఆడిట్‌లో ఉంది, ఈసారికి ఈ కొత్త అకౌంటులో వేయండి అని. కింద మన పేరు, మన లోగో, మన నంబరు, అచ్చం మన సిగ్నేచర్. అందులో అకౌంట్ నంబరు ఒక్కటే వేరు. ఎప్పుడూ సిగ్నేచర్లోంచే అకౌంటు చూసుకునే అలవాటు పడ్డ కొనుగోలుదారుకి అనుమానం ఎందుకొస్తుంది? మాకు తెలిసిన ఒక ఎగుమతిదారు సరుకు పంపేశాక ఇలాగే డబ్బు పోగొట్టుకున్నారు. కొన్నాయన కట్టానంటారు, అమ్మినాయన రాలేదంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

మా పద్ధతి ఇది. బ్యాంకు వివరాలు ప్రొఫార్మా ఇన్వాయిసులో (సరుకుకి ముందు పంపే బిల్లు) మాత్రమే ఉంటాయి. సిగ్నేచర్లో దానికి బదులు ఒక వాక్యం ఉంటుంది: 'మా బ్యాంకు వివరాలు మారాయని మెయిల్ వస్తే, మీ దగ్గర ఇదివరకే ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు పంపండి.' ఇందులో 'ఇదివరకే ఉన్న' అన్న మాట ఉండి తీరాలి. దొంగ మెయిల్ కింద ఉన్న నంబరుకే ఫోన్ చేస్తే ఎత్తేది దొంగే. ఈ ఒక్క వాక్యానికి మాత్రం నాలుగు లైన్ల లెక్క దాటినా నాకు అభ్యంతరం లేదు. మన వైపు డబ్బు పోయిందని తెలిసిన క్షణం బ్యాంకుకి చెప్పి, 1930కి ఫోన్ చేయాలి. అది దేశమంతటికీ సైబర్ నేరాల హెల్ప్‌లైను. గంటలు గడిచేకొద్దీ డబ్బు ఆపగలిగే అవకాశం తగ్గిపోతుంది.

నాలుగు లైన్ల లెక్క నేను కనిపెట్టింది కాదు. ఇంటర్నెట్‌లో ఎలా మసలుకోవాలో చెప్తూ 1995లో ఆర్‌ఎఫ్‌సీ 1855 అని ఒక పత్రం వచ్చింది. సిగ్నేచర్ పెడితే పొట్టిగా పెట్టండి, నాలుగు లైన్లు మించకపోతే మంచిదని అందులో ఉంది. అప్పట్లో కనెక్షన్లకి నిమిషాల లెక్కన డబ్బు కట్టేవాళ్లు, దాని కోసం. ఇప్పుడు ఆ ఖర్చు లేదు, కానీ ఫోన్ తెర చిన్నది. పది లైన్ల సిగ్నేచర్ ఉన్న ఇద్దరు మనుషులు అటూ ఇటూ ఆరేడు మెయిళ్లు రాసుకుంటే, మధ్యలో రాసిన ఒక్క ముక్క కోసం తెర జరుపుతూనే ఉండాలి.

రిజిస్ట్రేషన్ నంబర్ల దగ్గర కూడా మనవాళ్లు ఉదారంగా ఉంటారు. జీఎస్టీ నంబరు, ఐఈసీ (ఎగుమతి దిగుమతుల కోడ్), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహార లైసెన్సు, స్పైసెస్ బోర్డు రిజిస్ట్రేషన్, అన్నీ వరసగా. నమ్మకం కలుగుతుందని వాళ్ల ఉద్దేశం, అర్థం చేసుకోగలను. కానీ 15 అక్షరాల జీఎస్టీ నంబరుని ఒకసారి విడదీసి చూడండి. మొదటి రెండంకెలు రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36. ఆ తర్వాతి పది అక్షరాలు పాన్ నంబరు. ఐఈసీ కూడా ఇప్పుడు పాన్ నంబరే. సొంత పేరు మీద ప్రొప్రైటరీ నడిపేవాళ్లకి అది వ్యాపారం పాన్ కాదు, ఆ మనిషి సొంత పాన్. దాన్ని రోజూ ఊరూ పేరూ తెలియని వాళ్లకి కూడా పంపుతున్నారన్నమాట. కౌలాలంపూర్‌లో కొనేవాళ్లకి మన జీఎస్టీ నంబరుతో ఏం పని? ఇన్వాయిసు మీద ఎలాగూ ఉంటుంది. ఆహార సరుకు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబరు ఒక్కటి ఉంచుకోవచ్చు, దాన్ని పట్టుకుని ఎవరైనా సరిచూసుకోగలరు.

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల సంగతి వేరు. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 12 ప్రకారం వ్యాపార ఉత్తరాలు, బిల్లుల మీద కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్, 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు, ఫోను, మెయిల్ ఉండాలి. గత రెండేళ్లలో పేరు మార్చుకుని ఉంటే పాత పేరు కూడా ఉండాలి. ఇవాళ వ్యాపార ఉత్తరం అంటే మెయిలే కాబట్టి సిగ్నేచర్ కింద చిన్న అక్షరాలతో ఒక లైనులో పెట్టేయడం మేలని నా అభిప్రాయం. భాగస్వామ్య సంస్థలకి సీఐఎన్ ఉండదు, వాళ్లకి ఈ గొడవ లేదు.

లోగో పెట్టాలా అంటే, మా చిన్నబాబుకి పెట్టాలని. మంచి లోగోనే, రెండు ఎర్ర మిరపకాయలు, కింద సంస్థ పేరు. పెట్టాం కూడా. కానీ ఎలా పెట్టాలన్నది చూసుకోవాలి. జీమెయిల్ సిగ్నేచర్లో బొమ్మ పెట్టేటప్పుడు గూగుల్ డ్రైవ్‌లోంచి తీసుకునే దారి ఒకటుంది. ఆ ఫైలు అందరికీ కనిపించేలా షేర్ చేసి ఉండకపోతే మనకి బాగానే కనిపిస్తుంది, అవతలివాళ్లకి ఖాళీ డబ్బా. ఇక చైనాలో గూగుల్ సర్వీసులే తెరుచుకోవు. అక్కడివాళ్లకి డ్రైవ్‌లో ఉన్న లోగో ఏం చేసినా రాదు. అందుకని వాళ్ల సిగ్నేచర్లో లోగోయే లేదు, ఉత్త అక్షరాలే.

అవుట్‌లుక్‌లో ఇంకో చిక్కు. బొమ్మ మెయిల్‌తోపాటే అతుక్కుని వెళ్తుంది, కొన్ని చోట్ల అది ఇమేజ్ 001 అని అటాచ్‌మెంటులాగా కనిపిస్తుంది. మా పనిలో ఇది నిజంగా ఇబ్బంది పెడుతుంది. బ్యాంకులో కూర్చున్న ఆవిడ అయిదు డాక్యుమెంట్లు రావాలని లెక్క చూసుకుంటుంది. మెయిల్లో ఎనిమిది కనిపిస్తాయి. ఒక్కొక్కటీ తెరిస్తే అందులో మూడు మిరపకాయల బొమ్మలు. అలాంటి చోట్లకి వెళ్లే మెయిళ్లలో లోగో తీసేస్తాను. ఇంకా ఒకటి: నల్ల అక్షరాలతో, వెనక రంగు లేకుండా చేయించిన లోగో, ఫోన్ డార్క్ మోడ్‌లో ఉంటే నలుపులో నలుపు కలిసిపోతుంది. చుట్టూ తెల్ల అంచు వేయించండి, లేదా వెనక తెలుపే ఉంచండి.

సంతకం చేసి, దాని మీద రబ్బరు స్టాంపు వేసి, స్కాన్ చేసి సిగ్నేచర్లో పెట్టేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. మన సంతకం, స్టాంపు ఉన్న శుభ్రమైన బొమ్మని ప్రతి మెయిల్‌తో పంచిపెట్టినట్టవుతుంది. కత్తిరించి దొంగ ఇన్వాయిసు మీద అతికించడం ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా వచ్చు. చట్టపరంగా చెల్లే డిజిటల్ సంతకం పూర్తిగా వేరే వస్తువు. కస్టమ్స్‌వాళ్ల ఐస్‌గేట్‌లో కాగితాలు ఎక్కించేటప్పుడు యూఎస్‌బీ టోకెన్ పెట్టి పాస్‌వర్డ్ కొడతామే, అది. 2000 నాటి ఐటీ చట్టం గుర్తించేది దాన్ని. మెయిల్ కింద అతికించిన బొమ్మ ఎవరు పంపారన్నదానికి ఏ రుజువూ కాదు.

తెలుగు సిగ్నేచర్ గురించి ఒక మాట. యార్డులో కమీషన్ వ్యాపారులకి, కోల్డ్ స్టోరేజీలకి, రైతు సంఘాలకి మేం తెలుగులోనే రాస్తాం. సిగ్నేచర్ కూడా తెలుగులోనే ఉండాలని నా పట్టుదల. తెలుగు మెయిల్ కింద ఇంగ్లీషులో పేరు, హోదా ఉంటే మనిషి మారిపోయినట్టు ఉంటుంది. అయితే చాలా ఆఫీసుల్లో లెటర్‌హెడ్ అరండల్‌పేటలో ఏదో డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో చేయించి ఉంటారు. ఆ ఫైలులోంచి పేరు కాపీ చేసి సిగ్నేచర్లో పెడితే, అను ఉన్న కంప్యూటర్లో మాత్రమే తెలుగులా కనిపిస్తుంది. మిగతా అన్ని చోట్లా ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, వింత గుర్తులు కలిసిన చెత్త. అను అక్షరాలు లోపల ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే కూర్చుని ఉంటాయి, ఫాంటు తీసేస్తే అసలు రంగు బయటపడుతుంది. అందుకని అన్ని చోట్లా తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లో మళ్లీ టైపు చేయాలి, వేరే దారి లేదు. ఫోన్‌లో తెలుగు కీబోర్డు మీద కొట్టి మనకి మనమే మెయిల్ చేసుకుని అక్కణ్నుంచి కాపీ చేసుకున్నా చాలు. అందమైన ఫాంట్ల కోసం వెతకొద్దు. విండోస్‌లో గౌతమి, నిర్మల ఉంటాయి, ఆండ్రాయిడ్‌లో నోటో ఉంటుంది, అవతలివాళ్ల దగ్గర ఏది ఉంటే దాంట్లో కనిపిస్తుంది. ఏదైనా చదవడానికి బాగానే ఉంటుంది.

పెట్టే పద్ధతి జీమెయిల్‌లో కష్టమేమీ కాదు. కంప్యూటర్లో తెరిచి, పైన కుడి వైపు పళ్లచక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. జనరల్ అన్న పేజీలో బాగా కిందికి వస్తే సిగ్నేచర్ ఉంటుంది. క్రియేట్ న్యూ నొక్కి ఒక పేరు పెట్టాలి. ఆ పేరు మనకి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి 'చైనా', 'బ్యాంకు', 'తెలుగు', 'పొట్టిది' అని పనికొచ్చే పేర్లే పెట్టుకోండి. పక్క డబ్బాలో నాలుగు లైన్లూ రాయాలి. వర్డ్‌లోంచి తెచ్చి అతికించొద్దు, కనిపించని ఫార్మాటింగ్ అంతా వెంట వస్తుంది. దాని కింద రెండు పెట్టెలు ఉంటాయి. కొత్త మెయిల్‌కి ఏది, జవాబుకి ఏది అని. కొత్త మెయిల్‌కి పూర్తిది, జవాబుకి 'పొట్టిది' పెట్టండి. పొట్టిదంటే పేరు, నంబరు, అంతే. దాంతోనే సగం రద్దీ తగ్గిపోతుంది. చివరికి పేజీ అడుగు దాకా వెళ్లి సేవ్ ఛేంజెస్ నొక్కాలి. ఆ బటన్ ఎక్కడో అట్టడుగున ఉంటుంది, చాలామంది అది నొక్కకుండానే బయటికొచ్చి 'సిగ్నేచర్ రావట్లేదు మేడమ్' అంటారు.

అక్కడే ఒక టిక్కు పెట్టె ఉంది, దాన్ని తప్పకుండా చూడండి. జవాబు రాసేటప్పుడు సిగ్నేచర్‌ని పాత మెయిల్ పాఠానికి పైన పెట్టాలా అని అడుగుతుంది. టిక్కు లేకపోతే సిగ్నేచర్ పాత మెయిళ్లన్నిటి అడుగుకి పోతుంది, ఎవరూ చూడరు. టిక్కు పెడితే సిగ్నేచర్ పైన వచ్చే రెండు చిన్న గీతలు తీసేస్తుంది. ఆ గీతలకి ఒక అర్థం ఉంది. రెండు గీతలు, ఒక ఖాళీ, ఆ తర్వాత కొత్త లైను వస్తే అక్కణ్నుంచి కిందిది సిగ్నేచర్ అని మెయిల్ ప్రోగ్రాములు గుర్తుపడతాయి. 2004లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3676లో కూడా ఆ అలవాటు రాసి పెట్టారు. థండర్‌బర్డ్ లాంటివి జవాబు రాసేటప్పుడు ఆ గీతల కింద ఉన్నదాన్ని వదిలేస్తాయి కూడా. మంచి ఏర్పాటే. కానీ మా మెయిళ్లలో అందరూ పైనే జవాబు రాస్తారు, కాబట్టి గీతలు పోయినా సరే, నేను టిక్కే పెట్టిస్తాను.

ఫోన్లో జీమెయిల్ యాప్‌కి సిగ్నేచర్ విడిగా ఉంటుంది. యాప్ సెట్టింగ్స్‌లో మన అకౌంటు తెరిచి మొబైల్ సిగ్నేచర్ అన్న చోట రాయాలి. అందులో అక్షరాలే, బొమ్మలు పట్టవు. అదే మంచిది. ఐఫోన్ మెయిల్ వాడేవాళ్లు 'సెంట్ ఫ్రమ్ మై ఐఫోన్' అన్నది తీసేసి పేరు, నంబరు పెట్టుకోండి. ఏ ఫోన్ నుంచి పంపారో క్లియరింగ్ ఏజెంటుకి అక్కర్లేదు.

పాత అవుట్‌లుక్ వాడే కంప్యూటర్ల గురించి ఒక్క జాగ్రత్త. అందులో సిగ్నేచర్లు ఆ కంప్యూటర్లోనే, యాప్‌డేటా లోపల సిగ్నేచర్స్ అనే ఫోల్డర్లో ఫైళ్లుగా ఉంటాయి. కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే అవీ పోతాయి. ఫార్మాట్ చేయడానికి వచ్చే అతనికి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కాపీ చేయమని చెప్తాం, ఇది గుర్తుండదు. ముందే ఆ ఫోల్డర్ కాపీ తీసిపెట్టుకోండి.

'ఈ మెయిల్ రహస్యం, పొరపాటున మీకు వస్తే చెరిపేయండి' అని ఇంత పొడుగు పేరాలు పెడతారు కొందరు. మెయిల్ మొత్తం చదివేశాక అడుగున వచ్చే మాట అది. పెద్ద కంపెనీల్లో లాయర్లు చెప్పి ఉంటారు, వాళ్లకి తప్పదేమో. మిర్చి కంటెయినర్ బయల్దేరిందని చెప్పే మెయిల్‌కి అక్కర్లేదు.

పెట్టడం ఒక పూట పని. చూసుకుంటూ ఉండడమే అసలు పని. మే నెలలో యార్డుకి ఎండల సెలవులిచ్చినప్పుడు మాకు కాస్త ఊపిరి ఆడుతుంది. అప్పుడు అందరి కంప్యూటర్లూ ఒకసారి తిరిగి చూస్తాను. లైసెన్సు రెన్యువల్‌లో ఏమైనా మారిందా, గోడౌన్ అడ్రస్ మారిందా, కిందటేడు పండక్కి పెట్టిన శుభాకాంక్షల లైను ఇంకా వేలాడుతోందా అని. సెలవు కబురు సిగ్నేచర్లో పెట్టొద్దని చెప్తాను. దానికి జవాబు దానంతటదే పంపే వెకేషన్ రెస్పాండర్ ఉంది, తేదీలు ఇస్తే దానంతటదే ఆగిపోతుంది. సిగ్నేచర్లో పెట్టింది మనం తీసేదాకా పోదు.

మనుషులు మానేసినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మా డాక్యుమెంట్ల మెయిల్ ఐడీ ఒక్కటే, ముగ్గురం వాడతాం. అందులో ముగ్గురి పేర్ల మీదా సిగ్నేచర్లున్నాయి. రాసేటప్పుడు కింద ఉన్న పెన్ను గుర్తు నొక్కి ఎవరిది వాళ్లు ఎంచుకుంటాం. ఒకరు వెళ్లిపోతే వాళ్ల సిగ్నేచర్ ఆ రోజే తీసేస్తాను. కానీ పాత మెయిళ్లలో వాళ్ల పేరు, నంబరు ఎప్పటికీ ఉంటాయి. రెండేళ్ల కిందటి మెయిల్ వెతికి తీసి ఢాకా నుంచి ఎవరో ఆ నంబరుకి చేస్తారు. అందుకే సిగ్నేచర్లో ఎవరి సొంత నంబరూ పెట్టనివ్వను. ఆఫీసు సిమ్ములే. ముఖ్యంగా ఆడపిల్లలకి ఇది ఇంకా అవసరం, సొంత నంబరు ఊరందరి మెయిళ్లలో తిరగనక్కర్లేదు. మనిషి వెళ్లిపోతే సిమ్ము ఇక్కడే ఉంటుంది, తర్వాత వచ్చినవాళ్ల చేతికి వెళ్తుంది. వాళ్లు పంపే మొదటి మెయిల్లో సిగ్నేచర్ పైన ఒక వాక్యం రాయిస్తాను: ఇంతకుముందు ఈ పని ఫలానావారు చూసేవారు, ఇక నుంచి నేను చూస్తాను, నంబరు అదే.